డాప్లర్ స్కానింగ్: కొలిచేదేమిటి? కొలవనిదేమిటి?

ఎనిమిదో నెల గర్భిణి స్కానింగ్ గదిలోంచి బయటికి వస్తుంది. చేతిలో ఒక నివేదిక ఉంటుంది. అందులో కొండల వరుసలా కనిపించే ఒక బొమ్మ, దాని కింద మూడు అంకెలు: ఎస్/డి 2.6, ఆర్.ఐ. 0.62, పి.ఐ. 0.97. అడుగున ఒక వాక్యం: బొడ్డుతాడు ధమనిలో రక్తప్రసరణ మామూలుగా ఉంది. ఇంటికి రాగానే అత్తగారు అడుగుతుంది, "ఏమన్నారమ్మా? బిడ్డకి రక్తం బాగా అందుతోందటనా?" కాలేజీలో చదువుకుంటున్న మరిది ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అందుతోందటమ్మా" అంటాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

నిజానికి బిడ్డకి ఎంత రక్తం అందుతోందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ మూడు అంకెల్లో ఏ ఒక్కటీ రక్తం పరిమాణాన్ని చెప్పదు. అంతేకాదు, పరీక్ష చేసిన ఆ ధమని బిడ్డకి రక్తం తెచ్చే గొట్టమే కాదు. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ధమనులు బిడ్డ శరీరం నుంచి రక్తాన్ని మావికి తీసుకుపోతాయి. అక్కడ ప్రాణవాయువు, పోషకాలు నింపుకున్న రక్తం సిర ద్వారా బిడ్డకి తిరిగి వస్తుంది. అంటే బిడ్డ నుంచి బయటికి పోయే రక్తాన్ని పరీక్షించి, లోపలికి వచ్చే రక్తం గురించి మనం ధైర్యం తెచ్చుకుంటున్నామన్నమాట.

అయితే ఈ పరీక్ష వట్టి మోసమా? కాదు. సరైన చోట వాడితే ప్రాణాలు నిలుపుతుందని రుజువైన పరీక్ష ఇది. కానీ అది చెప్పేదొకటి, దాని పేరు మీద మనం నమ్మేది మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూత్రం ఒప్పు, అన్వయం తప్పు

స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత మన దగ్గరికి వస్తున్నప్పుడు హెచ్చు శ్రుతిలోనూ, మనల్ని దాటి పోతున్నప్పుడు తగ్గు శ్రుతిలోనూ వినిపించడం అందరికీ అనుభవమే. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో ఈ సూత్రాన్ని ప్రకటించాడు. అయితే ఆయన దృష్టి ధ్వని మీద కాదు, నక్షత్రాల మీద ఉంది. జంట నక్షత్రాల రంగులు వేరువేరుగా కనిపించడానికి వాటి చలనమే కారణమని ఆయన వాదించాడు. సూత్రం నిలబడింది గాని, ఆ అన్వయం నిలబడలేదు. నక్షత్రం రంగు ముఖ్యంగా దాని ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందని తర్వాత తేలింది. 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు బాకాలు ఊదే వాళ్లను రైలెక్కించి, శ్రుతి తెలిసిన వాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి ధ్వని విషయంలో ఆ సూత్రం సరైనదేనని నిరూపించాడు.

ఇదే సూత్రాన్ని మనిషి శరీరానికి అన్వయించిన వారిలో మొదటివాడు జపానుకు చెందిన షిగెవొ సతొమురా. 1950లలో ఒసాకాలో ఆయన అతిధ్వని తరంగాలతో గుండె కదలికలను పట్టుకున్నాడు. గర్భంలోని బిడ్డ బొడ్డుతాడులో రక్త చలనాన్ని ఈ పద్ధతిలో నమోదు చేసి 1977లో ప్రచురించినవారు డబ్లిన్ నగరానికి చెందిన ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్. తల్లి పొట్ట మీద ఒక పరికరాన్ని ఆనించి, సూది గుచ్చకుండా, కోత పెట్టకుండా బిడ్డ రక్తనాళంలోని చలనాన్ని వినగలగడం అప్పటికి పెద్ద విశేషం.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. పరికరం నుంచి వెలువడిన అతిధ్వని తరంగాలు కదులుతున్న ఎర్ర రక్తకణాలకు తగిలి చెదిరి, కొంత భాగం వెనక్కి వస్తాయి. కణాలు పరికరం వైపు వస్తుంటే తిరిగొచ్చిన తరంగాల పౌనఃపున్యం పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. ఆ తేడాకు సూత్రం ఇది:

పౌనఃపున్యంలో తేడా = 2 × పంపిన పౌనఃపున్యం × రక్తవేగం × కోణం కొసైన్ ÷ కణజాలంలో ధ్వని వేగం

మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. పంపినది 3 మెగాహెర్ట్జ్, రక్తవేగం సెకనుకు అర మీటరు, కోణం సున్నా అనుకుంటే తేడా సుమారు 1950 హెర్ట్జ్ వస్తుంది. పంపిన తరంగం మన చెవికి అందదు గాని, ఈ తేడా మనం వినగల ధ్వనే. స్కానింగ్ గదిలో 'హుష్ హుష్' మని వినిపించేది అదే. బిడ్డ రక్తం చేసే చప్పుడని చాలామంది అనుకుంటారు. అది రెండు పౌనఃపున్యాల మధ్య తేడాను యంత్రం ధ్వనిగా మార్చి వినిపించడమే.

కోణం తెచ్చే చిక్కు

పై సూత్రంలో కొసైన్ అనే మాటను మరోసారి చూడండి. తరంగం వెళ్లే దిశకూ, రక్తం పారే దిశకూ మధ్య ఉన్న కోణం సరిగ్గా తెలిస్తేనే వేగం తెలుస్తుంది. కోణం 20 డిగ్రీలు ఉన్నచోట 25 అని పొరబడితే వేగంలో తప్పు 4 శాతం లోపే. 60 ఉన్నచోట 65 అని పొరబడితే తప్పు 18 శాతం. 80 ఉన్నచోట 85 అని పొరబడితే వేగం దాదాపు రెట్టింపుగా కనిపిస్తుంది. ఉమ్మనీటిలో తేలుతూ, మెలికలు తిరిగి ఉండే బొడ్డుతాడులో ఏ ముక్క ఏ కోణంలో ఉందో చెప్పడం తేలిక కాదు.

ఇంతటితో అయిపోలేదు. నిమిషానికి ఎంత రక్తం పారుతోందో చెప్పాలంటే సగటు వేగాన్ని గొట్టం అడ్డుకోత వైశాల్యంతో గుణించాలి. వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి ఉంటుంది. 6 మి.మీ. వ్యాసం ఉన్న సిరను 6.5 మి.మీ. అని కొలిస్తే వైశాల్యంలో తప్పు 17 శాతం. దీనికి 60కి బదులు 65 అనుకున్న కోణం తప్పు కూడా తోడైతే, నిజంగా నిమిషానికి 200 మి.లీ. పారుతున్న రక్తం యంత్రం లెక్కలో 278 మి.లీ. అవుతుంది. అర మిల్లీమీటరు, అయిదు డిగ్రీలు కలిసి చేసిన పని ఇది. దగ్గర దగ్గర 40 శాతం తప్పున్న కొలత మీద ఒక బిడ్డను ముందుగా బయటికి తియ్యాలా వద్దా అన్న నిర్ణయం ఎలా ఆధారపడుతుంది?

అందుకే పరిశోధకులు ఒక తెలివైన దారి పట్టారు. గుండె సంకోచించినప్పుడు రక్తవేగం శిఖరానికి చేరుతుంది, వ్యాకోచం చివర కనిష్ఠానికి దిగుతుంది. మొదటిది ఎస్, రెండోది డి. శిఖరంలోనూ లోయలోనూ కోణం ఒకటే కాబట్టి, ఒకదానితో ఒకటి భాగిస్తే కొసైన్ కొట్టుకుపోతుంది. ఎస్‌ను డితో భాగిస్తే ఎస్/డి నిష్పత్తి. ఎస్‌లోంచి డి తీసేసి ఎస్‌తో భాగిస్తే నిరోధ సూచిక, అంటే ఆర్.ఐ. అదే భేదాన్ని సగటు వేగంతో భాగిస్తే నాడి సూచిక, అంటే పి.ఐ. మన నివేదికలో ఎస్ సెకనుకు 52 సె.మీ., డి 20 సె.మీ. అయితే నిష్పత్తి 2.6, నిరోధ సూచిక 0.62 వస్తాయి. ఎస్ 26, డి 10 అయినా అవే అంకెలు వస్తాయి. అంటే వేగం సగానికి పడిపోయినా నిష్పత్తి మారదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కోణం చిక్కు నుంచి తప్పించుకోవడానికి మనం చెల్లించిన మూల్యం రక్తం పరిమాణమే. చేతిలో మిగిలింది అల ఆకారం. ఆ ఆకారం ఎదర ఉన్న దారిలో అడ్డు ఎంత ఉందో సూచిస్తుంది. మావి ఆరోగ్యంగా ఎదిగితే అందులోని చూషకాల్లో సన్నని రక్తనాళాలు లెక్కలేనన్ని విస్తరించి దారి సుళువవుతుంది. గుండె రెండు దెబ్బల నడుమ కూడా రక్తం ధారగా ముందుకు సాగుతూనే ఉంటుంది. అందుకే నెలలు నిండే కొద్దీ ఎస్/డి తగ్గుతుంది. మావిలో నాళాలు ఎదగకపోయినా, మూసుకుపోయినా అడ్డు పెరిగి లోయ లోతవుతుంది. మరీ ముదిరితే వ్యాకోచం చివర ప్రవాహం ఆగిపోతుంది. ఇంకా ముదిరితే వెనక్కి నడుస్తుంది. ఆ స్థితి బిడ్డకు నిజంగా ప్రమాదకరమైనది.

కాబట్టి 'రక్తప్రసరణ కొలిచాం' అనేకంటే 'మావిలో అడ్డు ఎలా ఉందో ఊహించాం' అనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది. ఆ ఊహకూ పరిమితులున్నాయి. బొడ్డుతాడును బిడ్డ పొట్ట దగ్గర పరీక్షిస్తే సూచిక ఎక్కువగానూ, మావి దగ్గర పరీక్షిస్తే తక్కువగానూ వస్తుంది. బిడ్డ ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ ఆడించినా, కదిలినా అల మారిపోతుంది. మావిలో చాలా భాగం దెబ్బతినే దాకా సూచిక గట్టిగా మారకపోవచ్చు. ముఖ్యంగా చివరి నెలల్లో ఎదుగుదల కుంటుపడిన బిడ్డల్లో బొడ్డుతాడు అల మామూలుగానే ఉండటం తరచు కనిపిస్తుంది. 'మామూలు' అన్న మాట అభయహస్తం కాదు.

ఎవరికి మేలు జరిగింది?

పరీక్ష ఏం కొలుస్తుందన్నది ఒక ప్రశ్న. దానివల్ల బిడ్డలు బతుకుతున్నారా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు యంత్రం తయారుచేసినవాళ్లు చెప్పలేరు, అనుభవం గల వైద్యుడొక్కడే కూడా చెప్పలేడు. గర్భిణులను చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పరీక్ష చేసి, మరో జట్టుకు చెయ్యకుండా చూసిన ప్రయోగాలే చెప్పాలి. ఈ విషయంలో ప్రసూతి వైద్యాన్ని మెచ్చుకోవాలి. బొడ్డుతాడు డాప్లర్‌కు జరిగినన్ని ప్రయోగాలు ఎన్నో పరీక్షలకు జరగలేదు.

అధిక రక్తపోటు ఉన్నవారు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉన్నవారు, ఇలా ప్రమాదం ఎక్కువని ముందే తెలిసిన గర్భిణులు 10 వేలకు పైగా పాల్గొన్న ప్రయోగాలను కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి 2017లో సమీక్షించింది. పరీక్ష చెయ్యని జట్టులో వందకు 1.7 మంది బిడ్డలు పుట్టుకకు ముందో, పుట్టిన కొద్ది రోజులకో చనిపోగా, చేసిన జట్టులో 1.2 మంది చనిపోయారు. మరణాలు 29 శాతం తగ్గాయన్నమాట. దాదాపు 200 మందికి పరీక్ష చేస్తే ఒక ప్రాణం నిలిచింది. అయితే గణాంకశాస్త్రం ప్రకారం నిజమైన తగ్గుదల 2 శాతం నుంచి 48 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. మేలు ఉందని చెప్పవచ్చు గాని, ఎంత మేలో గట్టిగా చెప్పలేం.

అదే పరీక్షను ఏ ప్రమాదమూ కనిపించని 14 వేలకు పైగా గర్భిణుల మీద ప్రయోగిస్తే, తల్లికి గాని బిడ్డకు గాని ప్రయోజనం కనబడలేదు. పరీక్ష ఒకటే, యంత్రం ఒకటే, ఫలితం ఎందుకు మారింది?

దీనికి జవాబు లెక్కల్లో ఉంది. ఉదాహరణకు ఒక పరీక్ష నిజంగా జబ్బున్న వందమందిలో 80 మందిని పట్టుకుంటుందనీ, జబ్బు లేని వందమందిలో 10 మందికి పొరపాటున గంట మోగిస్తుందనీ అనుకుందాం. ప్రమాదం ఎక్కువున్న 1000 మందిలో 100 మందికి నిజంగా సమస్య ఉంటే, గంట మోగేది 80 నిజాలకు, 90 పొరపాట్లకు. దాదాపు రెండింట ఒకటి నిజం. మామూలు గర్భిణులు 1000 మందిలో సమస్య ఉన్నవారు 10 మందే అయితే, గంట మోగేది 8 నిజాలకు, 99 పొరపాట్లకు. పదమూడింట ఒకటే నిజం. మిగతా పన్నెండు ఇళ్లలో కారణం లేని భయం, మళ్లీ మళ్లీ స్కానింగులు, ఒక్కోసారి అక్కర్లేని సిజేరియన్. ఒక పరీక్ష విలువ యంత్రంలో మాత్రమే ఉండదు, దాన్ని ఎవరికి చేస్తున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సైన్సు విద్యార్థులు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే ఎన్నో వైద్య ప్రకటనలను తూచి చూడగలుగుతారు.

మనకు ఆ లెక్క సరిపోతుందా?

అయితే పై తీర్పును మనం కళ్లు మూసుకుని ఒప్పుకోవచ్చా? మామూలు గర్భిణుల మీద జరిగిన ఆ ప్రయోగాలు బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా వంటి సంపన్న దేశాలవి. అక్కడ 'ప్రమాదం లేదు' అన్న మాటకు అర్థం వేరు. రక్తహీనత, తక్కువ బరువు, అందని వైద్యం ఉన్నచోట ప్రమాదం కళ్లకు కనబడకుండా దాగి ఉండవచ్చు.

దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు 'అంబిఫ్లో' అనే చవక పరికరాన్ని తయారుచేశారు. ఇది చిత్రం చూపదు, బొడ్డుతాడు అలను మాత్రం గీసి చూపుతుంది. ప్రిటోరియా సమీపంలోని మామెలోడిలో, ప్రమాదం లేదని భావించిన గర్భిణులను దీనితో పరీక్షించిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వ్యాకోచం చివర ప్రవాహం ఆగిపోయిన కేసులు వందకు ఒకటి కంటే ఎక్కువ తేలాయి. సంపన్న దేశాల లెక్క ప్రకారం ఎదురుచూసిన దానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. తర్వాత ఇదే పరికరంతో మన దేశంలోనూ, ఘనా, కెన్యా, రువాండాలలోనూ అధ్యయనం సాగింది.

ఇది ఆలోచించవలసిన విషయమే. కానీ ఇక్కడ కూడా విమర్శ దృష్టి వదలకూడదు. సమస్య ఎక్కువగా ఉందని తెలియడం వేరు, పరీక్ష చేస్తే మరణాలు తగ్గుతాయని తెలియడం వేరు. అల చెడిందని ఒక పల్లెలో తేలితే, ఆ తల్లిని సమయానికి చేర్చుకునే ఆసుపత్రి, నెలలు నిండని బిడ్డను కాపాడే వార్డు, రాత్రిపూట దొరికే బండి కావాలి. అవి లేనిచోట నివేదిక తల్లికి భయాన్ని మాత్రమే ఇస్తుంది. ఏ పరీక్షయినా ఒక గొలుసులో కొక్కెం వంటిది. తర్వాతి కొక్కేలు లేకుండా అదొక్కటే బరువు మొయ్యలేదు.

బయటికి తియ్యాలా, ఆగాలా?

అల చెడిందని తేలిన తర్వాత వైద్యుడి ముందు నిలిచే ప్రశ్న ఇంకా కఠినమైనది. లోపల ఉంచితే బిడ్డకు ప్రాణవాయువు చాలక చనిపోవచ్చు. తొందరపడి తీస్తే ఊపిరితిత్తులు ఎదగక చనిపోవచ్చు. డాప్లర్ ఈ ధర్మసంకటాన్ని తీరుస్తుందా?

ఐరోపాలో 13 దేశాల్లో జరిగిన 'గ్రిట్' అనే ప్రయోగం ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. ఏం చెయ్యాలో వైద్యులకే తోచని 588 మంది శిశువుల విషయంలో, వెంటనే కాన్పు చెయ్యాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఫలితాలు 2003లో వచ్చాయి. వెంటనే తీసిన జట్టులో కడుపులోనే చనిపోయినవారు 2, పుట్టాక చనిపోయినవారు 27. ఆగిన జట్టులో కడుపులో 9, పుట్టాక 18. మొత్తం 29, 27. మరణాలు తగ్గలేదు, ఒక గదిలోంచి మరో గదిలోకి మారాయి.

తర్వాత వచ్చిన 'ట్రఫుల్' ప్రయోగంలో 26 నుంచి 32 వారాల మధ్య ఉన్న 503 మంది గర్భిణులు పాల్గొన్నారు. బిడ్డ గుండె లయను కంప్యూటర్‌తో చూసి నిర్ణయించడం ఒక పద్ధతి. కాలేయం దగ్గర ఉండే డక్టస్ వీనోసస్ అనే చిన్న నాళంలో డాప్లర్ అలను చూసి నిర్ణయించడం మరో పద్ధతి. 2015లో ప్రకటించిన ఫలితాల్లో, ప్రధాన లెక్క ప్రకారం పద్ధతుల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. కానీ బతికిన పిల్లల్ని రెండేళ్లకు పరీక్షించినప్పుడు, డక్టస్ వీనోసస్ అల బాగా మారే దాకా ఆగిన జట్టులో 95 శాతం మందికి నాడీ వికాసంలో లోపం లేదు. గుండె లయ జట్టులో అలాంటివారు 85 శాతం. ఇది ఆశ కలిగించే ఫలితమే గాని, ఆగిన జట్టులో మరణాలు కొద్దిగా ఎక్కువ కావడం వల్ల దీన్ని కూడా ఆచితూచి చదవాలి.

నిజంగా వేగమే కొలిచిన చోటు

ఈ రంగంలో డాప్లర్‌కు దక్కిన అతి స్పష్టమైన విజయం వేరేచోట ఉంది. తల్లికి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డకు పాజిటివ్ అయినప్పుడు తల్లి రక్తంలోని ప్రతిదేహకాలు బిడ్డ ఎర్ర రక్తకణాలను నాశనం చెయ్యవచ్చు. రక్తహీనత ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి చాలాకాలం పాటు ఉమ్మనీటిలోకి సూది గుచ్చి, ఆ నీరు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసేవారు. సూది గుచ్చిన ప్రతిసారీ గర్భానికి కొంత ప్రమాదం తప్పదు.

రక్తం పలచబడితే జిగట తగ్గుతుంది, గుండె కూడా ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. అందువల్ల మెదడుకు వెళ్లే మధ్య మస్తిష్క ధమనిలో రక్తవేగం పెరుగుతుంది. ఈ ధమనిని తరంగం దిశకు దాదాపు సూటిగా పట్టుకోవచ్చు. కోణం సున్నాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కొసైన్ చిక్కు లేదు. జియాన్‌కార్లో మారి బృందం 2000లో 111 మంది గర్భస్థ శిశువుల మీద జరిపిన పరిశీలనలో, వేగం ఆ వయసుకు ఉండవలసిన మధ్యగతానికి 1.5 రెట్లు దాటితే హెచ్చరికగా తీసుకున్నారు. ఒక మోస్తరు, తీవ్ర రక్తహీనత ఉన్న బిడ్డలందరూ అందులో దొరికారు. పొరపాటు హెచ్చరికలు 12 శాతం. 2006లో మరో బృందం 165 మందిలో ఈ పద్ధతినీ, సూది పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసింది. డాప్లర్ 88 శాతం కేసులను పట్టుకోగా, సూది 76 శాతాన్నే పట్టుకుంది.

ఇక్కడ డాప్లర్ ఎందుకు గెలిచింది? కొలవవలసినది వేగమే, కొలిచినదీ వేగమే. కోణం అనుకూలించింది. పరీక్ష చేసినది ప్రమాదం ఉన్న బిడ్డలకు. హెచ్చరిక వస్తే చెయ్యడానికి వైద్యం ఉంది, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు రక్తం ఎక్కించవచ్చు. ఈ నాలుగూ కలిసిన చోట పరీక్ష బలంగా నిలిచింది. ఇదే కొలబద్దను మిగతా డాప్లర్ పరీక్షల మీద కూడా పెట్టి చూడవచ్చు.

హాని లేదా?

ఎక్స్‌రేల వంటి హాని అతిధ్వనికి లేదు. అయినా అది శక్తే. ముఖ్యంగా పల్స్ డాప్లర్‌లో తరంగాలను ఒకే చిన్న చోట గురిపెట్టి ఉంచుతారు కాబట్టి కణజాలం వేడెక్కే అవకాశం మామూలు బొమ్మ స్కానింగ్ కంటే ఎక్కువ. అమెరికాలో గర్భస్థ శిశువు మీద వాడదగిన తీవ్రతకు మొదట చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్ల పరిమితి ఉండేది. 1990ల మొదట్లో, వేడి సూచికను తెర మీద చూపే యంత్రాలకు దాన్ని 720 దాకా అనుమతించారు. బాధ్యత యంత్రం నుంచి దాన్ని వాడే మనిషికి మారింది. అందుకే మొదటి మూడు నెలల్లో పల్స్ డాప్లర్‌ను మామూలు పరీక్షగా వాడవద్దని, అవసరమైతే వేడి సూచిక 1 దాటకుండా వీలైనంత కొద్దిసేపే వాడాలని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు చెబుతున్నాయి.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 2834 మంది గర్భిణుల మీద జరిగిన ప్రయోగం 1993లో ఒక కలవరం రేపింది. అయిదుసార్లు స్కానింగ్, డాప్లర్ చేసిన జట్టులో తక్కువ బరువు బిడ్డలు మరో జట్టు కంటే ఎక్కువ మంది పుట్టారు. ఆ పిల్లల్నే ఎనిమిదేళ్ల వరకు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాల్లో, మొదటి ఏడాది దాటాక ఎదుగుదలలో తేడా లేదని తేలింది. ఎక్కువ చేస్తే ఎక్కువ మేలు అన్న నమ్మకానికి ఆధారం లేదన్న పాఠం మాత్రం మిగిలింది.

మన దేశంలో ఈ యంత్రానికి మరో చరిత్ర కూడా ఉంది. బిడ్డను కాపాడటానికి పుట్టిన అతిధ్వని యంత్రమే ఆడపిల్లను ఏరి చంపడానికి సాధనమైంది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం చేసి, 2003లో దాన్ని మరింత బిగించవలసి వచ్చింది. పరికరం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న పరికరాన్ని మాత్రమే చూసి తేల్చేది కాదని చెప్పడానికి ఇంతకంటే విషాదకరమైన ఉదాహరణ అక్కర్లేదు.

నివేదిక చదివే తీరు

మళ్లీ ఆ ఎనిమిదో నెల గర్భిణి ఇంటికి వద్దాం. ఆ కాగితం పనికిరానిది కాదు. రక్తపోటు ఉందనో, బిడ్డ బరువు తక్కువుందనో వైద్యురాలు అడిగి చేయించినదైతే, అది విలువైనదే. ఏ కారణమూ లేకుండా, యంత్రం ఉంది కదా అని చేసినదైతే, ఆ మూడు అంకెలు చెప్పగలిగేది చాలా తక్కువ. ఏ సందర్భంలోనైనా బిడ్డ కదలికలు తగ్గినట్టు తల్లికి తోస్తే, నిన్నటి నివేదికలో 'మామూలు' అని ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. అల మామూలుగా ఉండటం నిన్నటి సంగతి, ఇవాళ తల్లికి తోచినది ఇవాళ్టి సంగతి.

ఇంట్లో చదువుకున్న కుర్రవాడు ఈసారి "రక్తం అందుతోందటమ్మా" అని ఊరుకోకుండా మూడు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. ఈ పరీక్ష ఎందుకు చెయ్యమన్నారు? ఏ వారంలో, ఏ నాళంలో చేశారు? అంకె చెడితే ఏం చేసేవారు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మొదటి ప్రశ్నకు కూడా జవాబు లేనట్టే. డాప్లర్ మహాశయుడు సూత్రం సరిగ్గా చెప్పి నక్షత్రాల దగ్గర పొరబడ్డాడు. ఆ పొరపాటు వల్ల ఎవరికీ నష్టం కలగలేదు. గర్భిణి విషయంలో మనం పొరబడితే నష్టపోయేది తల్లీ బిడ్డలే.